నికొలస్ స్టెర్న్: పాలన్‌పూర్ జాటవుల ఇళ్ల నుంచి ప్రపంచ వాతావరణ విధానం దాకా

వాతావరణ మార్పు ఆర్థిక శాస్త్రం చదివేవాళ్లకు మొదట ఎదురయ్యే పేరు నికొలస్ స్టెర్న్. 2006 అక్టోబర్ 30న బ్రిటన్ ప్రభుత్వం విడుదల చేసిన సుమారు 700 పేజీల ‘స్టెర్న్ రివ్యూ’ ఆయన నాయకత్వంలో తయారైంది. భూతాపాన్ని పర్యావరణవేత్తల ఆందోళనగా మాత్రమే చూస్తున్న ఆర్థిక మంత్రిత్వ శాఖలు, అది తమ బడ్జెట్‌కు సంబంధించిన విషయమని గుర్తించింది ఆ నివేదిక తర్వాతే. ఆయన గురించి ఇంగ్లీషులో కావలసినంత సమాచారం దొరుకుతుంది. అయితే ఆ సమాచారంలో ఎక్కువ భాగం ఒక సంగతిని ఒక్క వాక్యంతో దాటేస్తుంది. ఈ ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లోని ఒక చిన్న ఊరిని, అందులోని ఠాకూర్లను, మురావులను, జాటవులను దాదాపు నాలుగు దశాబ్దాల పాటు ఇంటింటి లెక్కలతో అధ్యయనం చేసినవాడు.

ఆ ఊరిని ఎరిగిన మనిషి ప్రపంచానికి వాతావరణ లెక్క రాసిస్తే అందులో కులం ఎక్కడ కనిపిస్తుంది, ఎక్కడ మాయమవుతుంది? ఈ వ్యాసంలో మేం ఆయన జీవిత వివరాలతో పాటు ఈ ప్రశ్నను కూడా వెంట తీసుకెళ్తున్నాం.

చదువు, తొలి పరిశోధన

స్టెర్న్ 1946 ఏప్రిల్ 22న పుట్టారు. తండ్రి జర్మనీ యూదుడు. 1938 నవంబర్‌లో యూదుల ఇళ్లు, దుకాణాలు, ప్రార్థనా మందిరాల మీద నాజీలు సాగించిన దాడుల తర్వాత దేశం వదిలి బ్రిటన్ చేరుకున్న శరణార్థి. పడమటి లండన్‌లోని బ్రెంట్‌ఫర్డ్ ప్రాంతంలో పెరిగిన స్టెర్న్ కేంబ్రిడ్జ్‌లో గణితం చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థిక శాస్త్రంలో డాక్టరేట్ చేశారు. ఆయన గైడ్ జేమ్స్ మిర్లీస్‌కు తర్వాత 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. ధనికుల మీద ఎంత పన్ను వేయాలి, ఆ భారానికి సమాజం ఏ కొలమానం వాడాలి అనేది మిర్లీస్ పని. శిష్యుడు మొదట్లో రాసిన పరిశోధనా పత్రాల్లోనూ అదే ధోరణి కనిపిస్తుంది.

గణితం నుంచి వచ్చిన ఇలాంటి ఆర్థికవేత్తలు సాధారణంగా గదిలో కూర్చుని సమీకరణాలు రాసుకుంటారు. స్టెర్న్ మాత్రం మొదటి నుంచీ పొలం గట్ల మీద తిరిగారు. కెన్యాలో చిన్న కమతాల తేయాకు సాగు మీద పుస్తకం రాశారు. అక్కడి నుంచి భారతదేశం వచ్చారు.

పాలన్‌పూర్

మొరాదాబాద్ జిల్లాలో చందౌసి పట్టణానికి దగ్గరలో ఉన్న చిన్న ఊరు పాలన్‌పూర్. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన వ్యవసాయ ఆర్థిక పరిశోధనా కేంద్రం 1957-58లోనూ 1962-63లోనూ అక్కడ సర్వే చేసింది. పాత లెక్కలు ఉండటం వల్లే క్రిస్టఫర్ బ్లిస్, స్టెర్న్ 1974-75లో ఆ ఊరిని ఎంచుకున్నారు. వాళ్ల పుస్తకం 1982లో వచ్చింది. 1983-84లో జాన్ డ్రెజ్, నరేశ్ శర్మ అక్కడ ఉండి మళ్లీ సర్వే చేశారు. 1993లో ఒకసారి, 2008-09 నుంచి మరోసారి పరిశోధకులు ఆ ఊరికి వెళ్లారు. 1957లో అయిదు వందల పైచిలుకు ఉన్న జనాభా ఈ కాలంలో రెట్టింపు దాటింది. ఒకే ఊరిని, ప్రతి కుటుంబాన్నీ ఇన్ని దశాబ్దాల పాటు వరసగా నమోదు చేసిన అధ్యయనాలు ప్రపంచంలోనే చాలా తక్కువ.

పాలన్‌పూర్ పుస్తకాల్లో కులం ఒక అనుబంధంగా ఉండదు. పట్టికల్లోనే ఉంటుంది. ఠాకూర్లు సంఖ్యలో పెద్ద కులం. ఒకప్పుడు తమ చేతులతో పొలం పని చేయడాన్ని చిన్నతనంగా భావించేవాళ్లు. మురావులు సాగుదారులు. హరిత విప్లవం కాలంలో నీటి వసతి, గోధుమ దిగుబడి పెరగడంతో వాళ్లు ఠాకూర్లతో పోటీపడే స్థాయికి వచ్చారు. జాటవులు తరతరాలుగా చర్మకార వృత్తితో ముడిపెట్టబడిన దళిత కులం. వాళ్ల చేతిలో భూమి కొద్దిగానే ఉండేది. ఎక్కువ ఆదాయం కూలి నుంచే వచ్చేది. గోధుమ దిగుబడి పెరిగి ఊరు మొత్తం బాగుపడుతున్న దశాబ్దాల్లో కూడా వాళ్లు అట్టడుగునే మిగిలారు. ఊరి సగటు ఆదాయం పెరిగిందని చెప్పే అంకె అబద్ధమేమీ కాదు, కానీ జాటవ్ వాడలో జరిగింది మాత్రం ఆ అంకె చెప్పదు.

2018లో హిమాంశు, పీటర్ లాంజౌలతో కలిసి స్టెర్న్ రాసిన ‘హౌ లైవ్స్ చేంజ్’ అనే పుస్తకం తర్వాతి కథ చెబుతుంది. వ్యవసాయం బయట పనులు పెరిగాక జాటవుల పరిస్థితిలో కదలిక వచ్చింది. అది భూమి వల్ల వచ్చిన కదలిక కాదు. నిర్మాణ పనులు, ఇటుక బట్టీలు, పట్టణానికి రోజూ వెళ్లివచ్చే కూలి పనులు దానికి కారణం. అదే కాలంలో ఊరిలో ఆదాయ అసమానత కూడా పెరిగింది.

ఇది చదివినప్పుడు మాకు 1918 నాటి ఒక వ్యాసం గుర్తొచ్చింది. ‘స్మాల్ హోల్డింగ్స్ ఇన్ ఇండియా’ అనే ఆ వ్యాసంలో డాక్టర్ అంబేడ్కర్, చిన్న కమతాల సమస్యకు పరిష్కారం కమతాల్ని కలపడంలో మాత్రమే లేదని, భూమి మీద అవసరానికి మించి పడి ఉన్న శ్రమను పరిశ్రమలు పీల్చుకోవాలని వాదించారు. ఊరి పొలంలో జాటవుకు దొరకని విడుదల ఊరి బయట పనిలో కొంతైనా దొరికిందని వందేళ్ల తర్వాత పాలన్‌పూర్ లెక్కలు చెబుతున్నాయి. అయితే దొరికిన పని ఏమిటన్నది వేరే ప్రశ్న. దానికి మళ్లీ వస్తాం.

అంబేడ్కర్‌తో మరో చిన్న లంకె కూడా ఉంది. బాబాసాహెబ్ 1921లో ఎంఎస్‌సీ, 1923లో డీఎస్‌సీ పట్టాలు పొందిన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనే స్టెర్న్ ఇప్పుడు ఆచార్యుడు. ఆయన కూర్చున్న పీఠానికి పేరు మన రిజర్వ్ బ్యాంక్ మాజీ గవర్నర్, ఆ సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసిన ఐ.జి. పటేల్‌ది. ఆర్థిక శాస్త్రం చదివి ప్రభుత్వంలోకి వెళ్లి నీళ్లు, విద్యుత్తు, శ్రమ వంటి శాఖల మీద పనిచేసినవాళ్లలో అంబేడ్కర్ కూడా ఉన్నారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఆ శాఖల్ని చూశారు. దామోదర్ లోయ పథకానికి, కేంద్ర జల సంఘానికి పునాదులు ఆ కాలంలోనే పడ్డాయి. ఆర్థికవేత్త ప్రజా సేవ అనగానే పాశ్చాత్యుల పేర్లే చెప్పుకోవడం మన పాఠ్య పుస్తకాలకు అలవాటు కాబట్టి ఈ మాట ఇక్కడ రాస్తున్నాం.

ప్రభుత్వ ఉద్యోగాలు

ఆక్స్‌ఫర్డ్, వారిక్, ఎల్‌ఎస్‌ఈలలో బోధించిన తర్వాత స్టెర్న్ 1994లో యూరోపియన్ పునర్నిర్మాణ అభివృద్ధి బ్యాంకులో ప్రధాన ఆర్థికవేత్తగా చేరారు. సోవియట్ కూటమి కూలాక తూర్పు యూరప్ దేశాలకు అప్పులివ్వడానికి పెట్టిన బ్యాంకు అది. 2000లో జోసెఫ్ స్టిగ్లిట్జ్ తర్వాత ప్రపంచ బ్యాంకు ప్రధాన ఆర్థికవేత్త అయ్యారు. అదే ప్రపంచ బ్యాంకు సంస్కరణలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ చార్జీల ఉద్యమానికి, 2000 ఆగస్టులో బషీర్‌బాగ్ కాల్పులకు దారితీసిన నేపథ్యం తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆయన వ్యక్తిగతంగా దానికి బాధ్యుడని కాదు, ఎలాంటి సంస్థలో పనిచేశారో తెలియాలని చెబుతున్నాం.

2003లో బ్రిటన్ ఆర్థిక శాఖలో రెండో శాశ్వత కార్యదర్శిగా, ప్రభుత్వ ఆర్థికవేత్తల సర్వీసుకు అధిపతిగా వెళ్లారు. ఆఫ్రికా కమిషన్‌కు పరిశోధనా విభాగం నడిపారు. ఆ కమిషన్ నివేదిక 2005 మార్చిలో వచ్చింది. అదే ఏడాది జులైలో అప్పటి ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్ ఆయనకు వాతావరణ మార్పు మీద సమీక్ష అప్పగించారు. అప్పటికి స్టెర్న్ వాతావరణ నిపుణుడు కారు. పన్నులు, అభివృద్ధి, పేదరికం ఆయన రంగాలు. అందుకే ఆ నివేదిక తీరు వేరుగా వచ్చిందని మా అభిప్రాయం.

నివేదిక చెప్పింది

సారాంశం అందరికీ తెలిసిందే. ఏమీ చేయకుండా వదిలేస్తే వాతావరణ మార్పు వల్ల ప్రపంచ స్థూల ఉత్పత్తిలో ప్రతి ఏటా కనీసం 5 శాతం పోతుంది, మిగతా ముప్పుల్ని కలిపితే 20 శాతం దాకా పోవచ్చు. నివారణకు అయ్యే ఖర్చు ఏటా సుమారు 1 శాతం. కర్బన ఉద్గారాలు ప్రపంచం చూసిన అతిపెద్ద మార్కెట్ వైఫల్యమన్నది నివేదిక వాదన. ఫ్యాక్టరీ పొగ వదిలినవాడు లాభం తీసుకుంటాడు, నష్టం ఇంకెవరో భరిస్తారు, ఆ నష్టం ధరలో కనబడదు. ఒకడు చేసే మురికికి ఇంకొకడు ఖర్చు భరించడం మన వాడలకు కొత్త సంగతేమీ కాదు.

విద్యార్థులు ఆగి చూడవలసింది 5కూ 20కీ మధ్య ఉన్న మెట్లను. సారాంశం చదివి వదిలేసేవాళ్లు వీటిని గమనించరు. మార్కెట్‌లో ధర ఉన్న నష్టాల్ని మాత్రమే లెక్కిస్తే వచ్చేది 5 శాతం. మనుషుల ఆరోగ్యం, పర్యావరణం వంటి మార్కెట్ ధర లేనివాటిని కలిపితే అది సుమారు 11 శాతం అవుతుంది. భూమి వేడికి మనం అనుకున్నదానికంటే తీవ్రంగా స్పందిస్తే సుమారు 14 శాతం. ఇక 14 నుంచి 20కి తీసుకెళ్లే చివరి మెట్టు పేద ప్రాంతాలది. నష్టం ఎక్కువగా పడేది పేదల మీద కాబట్టి వాళ్ల నష్టానికి తగిన బరువు ఇచ్చి కూడితే వచ్చే అంకె అది. పత్రికల శీర్షికలకెక్కిన 20 శాతం అంకెలో ఆరు శాతం దాకా పేదల్ని మనుషులుగా లెక్కపెట్టడం వల్ల వచ్చింది.

బరువు అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాం. వరదలో కోటి రూపాయల బంగళా ఒకటి, యాభై వేల రూపాయల గుడిసెలు రెండు వందలు కొట్టుకుపోయాయనుకుందాం. రూపాయల లెక్కలో రెండూ సమానమే. బంగళాకు బీమా ఉంటుంది, యజమానికి వేరే ఇల్లు ఉంటుంది. రెండు వందల కుటుంబాలు మాత్రం రోడ్డు మీద పడతాయి. బరువు లేని లెక్క ఈ తేడాను చూడదు. స్టెర్న్ వాడిన సూత్రంలో, ఆదాయం పదో వంతు ఉన్న మనిషి కోల్పోయే రూపాయి పదింతల నష్టంగా లెక్కలోకి వస్తుంది.

డిస్కౌంట్ రేటు గొడవ

నివేదిక మీద వచ్చిన పెద్ద దుమారం మాత్రం ఈ బరువు గురించి కాదు, కాలం గురించి. వందేళ్ల తర్వాత జరిగే 100 రూపాయల నష్టానికి ఇవాళ విలువ ఎంత? ఏటా 5 శాతం చొప్పున తగ్గిస్తూ వస్తే 76 పైసలు. 1.4 శాతం చొప్పున తగ్గిస్తే సుమారు 25 రూపాయలు. స్టెర్న్ లెక్కకు దగ్గరగా ఉండేది రెండోది. ఈ ఒక్క ఎంపికతో సమాధానం ముప్పై రెట్లకు పైగా మారిపోతుంది. 76 పైసలే అయితే ఇవాళ ఖర్చు పెట్టనక్కరలేదు, నెమ్మదిగా చూసుకోవచ్చు. 25 రూపాయలైతే వెంటనే కదలాలి.

ఇంత తక్కువ రేటు ఎందుకు తీసుకున్నారు? ఒక మనిషి ఆలస్యంగా పుట్టాడన్న కారణంతో అతని బాధకు విలువ తగ్గించడం నైతికంగా తప్పని స్టెర్న్ వాదన. మానవజాతే అంతరించిపోయే చిన్న అవకాశానికి మాత్రం ఏటా 0.1 శాతం తగ్గించారు. 1928లోనే ఫ్రాంక్ రామ్సే ఇలాంటి వాదన చేశారు కాబట్టి ఇది ఆర్థిక శాస్త్రంలో వింత మాట కాదు. దళిత విద్యార్థికి ఈ వాదన వేరేగా వినిపిస్తుంది. ఎప్పుడు పుట్టాడన్నది మనిషి విలువను నిర్ణయించకూడదని చెప్పే తర్కం, ఎక్కడ, ఏ ఇంట్లో పుట్టాడన్నదానికీ వర్తించాలి కదా.

యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం నార్డ్‌హౌస్ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. మార్కెట్‌లో జనం నిజంగా ఎంత వడ్డీకి పొదుపు చేస్తున్నారో చూసి రేటు నిర్ణయించాలి తప్ప ఆర్థికవేత్త తన నీతిని అందరి మీదా రుద్దకూడదని ఆయన వాదన. 2018లో నోబెల్ బహుమతి వచ్చింది ఆయనకే. మార్టిన్ వైట్జ్‌మన్ మధ్యే మార్గం పట్టారు. స్టెర్న్ ముగింపు సరైనదే కావచ్చు కానీ చూపిన కారణం సరికాదని, అసలు భయపడవలసింది అరుదుగానైనా జరిగే మహా విపత్తు గురించని అన్నారు. రేటు పెంచినా తక్షణ చర్యే లాభమని కెన్నెత్ ఆరో లెక్క కట్టి చూపారు.

మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన విమర్శ పార్థ దాస్‌గుప్తాది. రేపటి మనుషుల పట్ల ఇంత నిక్కచ్చిగా ఉన్న స్టెర్న్ ఇవాళ్టి అసమానత పట్ల మెతకగా ఉన్నారని ఆయన అన్నారు. పైన చెప్పిన పదింతల సూత్రం చాలదని, అసమానత బరువును ఇంకా పెంచాలని వాదించారు. ఉదాహరణకు ఆ బరువును రెండింతలు చేస్తే, పదో వంతు ఆదాయం ఉన్నవాడి రూపాయి నష్టం వందింతలుగా లెక్కకొస్తుంది. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. భవిష్యత్తు తరాలు మనకంటే ధనికులవుతారని అనుకుంటే, బరువు పెంచినకొద్దీ ఇవాళ్టి పేదలు రేపటి ధనికుల కోసం ఎందుకు త్యాగం చేయాలన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు వాతావరణ చర్య వాయిదా పడుతుంది. భవిష్యత్తులో నష్టపోయేది పేదలేనని అనుకుంటే సమాధానం తలకిందులవుతుంది. అంటే లెక్క మొత్తం ‘భవిష్యత్తు మనిషి’ అనే సగటు మనిషి ఎవరన్న దాని మీద ఆధారపడి ఉంది. ఆ సగటులో మురావు ఉన్నాడా, జాటవు ఉన్నాడా? పాలన్‌పూర్ పట్టికల్లో ఈ ప్రశ్నకు చోటుంది. ప్రపంచ నమూనాల్లో ప్రాంతాలు, దేశాలు మాత్రమే ఉంటాయి. పేద ప్రాంతానికి బరువిచ్చినప్పుడు ఆ ప్రాంతంలోని భూస్వామికీ అదే బరువు దక్కుతుంది.

2006 తర్వాత

2007లో ఆర్థిక శాఖ వదిలి స్టెర్న్ మళ్లీ ఎల్‌ఎస్‌ఈకి వెళ్లారు. అదే ఏడాది చివర్లో బ్రెంట్‌ఫర్డ్ బారన్ హోదాలో ప్రభువుల సభలో ఏ పార్టీకీ చెందని సభ్యుడయ్యారు. 2008లో మొదలైన గ్రంథమ్ పరిశోధనా సంస్థకు అధ్యక్షుడిగా ఉన్నారు. 2013 నుంచి నాలుగేళ్లు బ్రిటిష్ అకాడెమీ అధ్యక్షుడు. బ్రిటన్ 2008లో చేసిన వాతావరణ మార్పు చట్టం వెనుక ఆయన నివేదిక ప్రభావం ఉంది. 2050 నాటికి ఉద్గారాల్ని 80 శాతం తగ్గించాలని ఆ చట్టం పెట్టిన లక్ష్యాన్ని 2019లో నికర సున్నాకు మార్చారు.

తన అంకెల్ని ఆయన పట్టుకు వేలాడలేదు. నివారణ ఖర్చు 1 శాతం కాదు 2 శాతం అవుతుందని 2008లో సవరించారు. ముప్పును 2006లో తక్కువ అంచనా వేశానని 2013లో బహిరంగంగా చెప్పారు. స్టిగ్లిట్జ్‌తో కలిసి 2017లో కర్బన ధర మీద ఒక అంతర్జాతీయ కమిషన్ నడిపారు. టన్నుకు 2020 నాటికి 40 నుంచి 80 డాలర్లు, 2030 నాటికి 50 నుంచి 100 డాలర్లు ధర ఉండాలని అది చెప్పింది. 2021లో వాళ్లిద్దరూ రాసిన పత్రం ఇంకా ముందుకు వెళ్లి, వాడుకలో ఉన్న నమూనాలు ముప్పునూ, పంపిణీనీ సరిగా చూడవని విమర్శించింది. పంపిణీ అంటే ఎవరికెంత అన్న ప్రశ్న. దాస్‌గుప్తా విమర్శకు పదిహేనేళ్ల తర్వాత దొరికిన కొంత సమాధానంగా మేం దాన్ని చదువుకున్నాం.

ఇక డబ్బు సంగతి. పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు ఇస్తామని ధనిక దేశాలు 2009 కోపెన్‌హాగన్ సదస్సులో మాటిచ్చాయి. ఆ మొత్తం అందిందని ఓఈసీడీ చెప్పుకున్నది 2022 సంవత్సరానికి, అదీ అప్పుల్ని కూడా కలిపి. 2022లో వేరా సాంగ్వే, అమర్ భట్టాచార్యలతో కలిసి స్టెర్న్ ఇచ్చిన నివేదిక ప్రకారం, చైనా మినహా వర్ధమాన దేశాలకు 2030 నాటికి ఏటా సుమారు 2.4 లక్షల కోట్ల డాలర్లు కావాలి. అందులో లక్ష కోట్ల డాలర్లు బయటి నుంచి రావాలి. 2024 నవంబర్‌లో బాకు సదస్సు తేల్చింది 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు. భారత ప్రతినిధి అక్కడే అభ్యంతరం చెప్పారు.

ఆ అభ్యంతరంతో మాకు పేచీ లేదు. ధనిక దేశాలు బాకీ తీర్చాల్సిందే. కాకపోతే మన దేశం అంతర్జాతీయ వేదిక మీద తలసరి ఉద్గారాల గురించి మాట్లాడేటప్పుడు ఆ తలలు ఎవరివో చెప్పదు. 2050 నాటికి ప్రపంచ తలసరి సగటు 2 టన్నులకు దిగాలని స్టెర్న్ 2009 నాటి పుస్తకంలో రాశారు. అప్పటికి మన దేశ సగటు దాని కంటే తక్కువే. ఆ సగటును అంత తక్కువగా ఉంచింది ఏసీ, కారు లేని కోట్లాది కుటుంబాలు. దేశంలోని ధనికులు పేదల వెనక దాక్కుంటున్నారని గ్రీన్‌పీస్ ఇండియా 2007లోనే ఒక నివేదిక ప్రచురించింది. కుల ప్రస్తావన లేకపోయినా ఆ వాదన మన వాదనకు దగ్గరిదే.

ఎండలో పనిచేసేవాళ్లు

పాలన్‌పూర్ జాటవులకు దొరికిన పని ఏమిటన్న ప్రశ్నకు వద్దాం. ఇటుక బట్టీ, ఇంటి నిర్మాణం, తట్ట మోత. ఊరి కూలి నుంచి వాళ్లను కొంత విడిపించిన పనులివి. వేడి పెరిగేకొద్దీ మొదట దెబ్బతినే పనులు కూడా ఇవే. పైగా బట్టీల్లో కాలేది ఎక్కువగా బొగ్గు. రేపు కర్బన ధర వేసినా, బట్టీలకు ఉద్గార నియమాలు కఠినం చేసినా మొదట ఆగిపోయేది ఆ కూలే. ఎండకూ నష్టపోయేది వాళ్లే, ఎండను తగ్గించే విధానానికీ నష్టపోయేది వాళ్లే.

తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు సంగతి కాదు. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లు. ఆరుబయట పనిచేసే కూలీలు, వృద్ధులు, ఇల్లు లేనివాళ్లు ఆ మృతుల్లో ఎక్కువ. ఉపాధి హామీ పనికి వెళ్లేవాళ్లు, మిరప కోతకు వెళ్లేవాళ్లు, పారిశుద్ధ్య కార్మికులు ఏ కులాల వాళ్లో తెలుసుకోవడానికి మనకు సర్వే అక్కర్లేదు. కానీ ప్రభుత్వంతో మాట్లాడటానికి సర్వే కావాలి. వడదెబ్బ మృతుల జాబితాను కులం, వృత్తి వారీగా ప్రచురించమని అడగడం కార్యకర్తలు చేయగలిగిన పని. సమాచార హక్కు దరఖాస్తుతో జిల్లా స్థాయిలోనే మొదలుపెట్టవచ్చు.

బొగ్గు విషయంలోనూ అంతే. న్యాయమైన పరివర్తన అనే మాట ఇప్పుడు స్టెర్న్ సంస్థతో సహా అందరూ వాడుతున్నారు. బొగ్గు తగ్గించేటప్పుడు కార్మికుల్ని వీధిన పడేయకూడదని దాని అర్థం. సింగరేణి ప్రాంతంలో ఆ మాట అమలైతే పర్మినెంట్ కార్మికుడికి పరిహారం, శిక్షణ దొరకవచ్చు. మస్టర్‌లో పేరు సరిగా లేని కాంట్రాక్టు కార్మికుడికి, గని చుట్టూ చిన్న పనులు చేసుకుని బతికే కుటుంబానికి ఏ జాబితా ప్రకారం ఇస్తారు? ఈ ప్రశ్న గని మూతపడే రోజున కాక ఇప్పుడే అడగాలి.

2008లో కేంద్రం ప్రకటించిన జాతీయ వాతావరణ కార్యాచరణ ప్రణాళికలో ఎనిమిది మిషన్లున్నాయి. సౌర విద్యుత్తు, ఇంధన పొదుపు, నగరాలు, నీరు, హిమాలయాలు, అడవులు, వ్యవసాయం, విజ్ఞానం. దళితుల కోసం ఉద్దేశించినది ఒక్కటీ లేదు. మరోపక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం చేసింది. జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలన్న సూత్రాన్ని చట్టంలో రాసిన ఉద్యమ విజయం అది. తెలంగాణ 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. అమలులో లోపాలు ఎన్ని ఉన్నా సూత్రం మన దగ్గర ఉంది. వాతావరణ నిధులకు ఆ సూత్రాన్ని వర్తింపజేయాలన్న డిమాండ్ మాత్రం ఇంకా గట్టిగా వినిపించడం లేదు. బయటి నుంచి రావాలని స్టెర్న్ చెప్పిన లక్ష కోట్ల డాలర్లలో మన వాటా ఎంత వచ్చినా, ఆ డబ్బు సౌర పార్కులకు, తీర రక్షణ గోడలకు, పంటల బీమాకు వెళుతుంది. సౌర పార్కు కింద పోయే అసైన్డ్ భూమి ఎవరిది, తుపాను గోడకు అవతల మిగిలే వాడ ఎవరిది, భూమి లేని కౌలు రైతుకు బీమా ఎలా వస్తుంది అన్నవి ఆ డబ్బు దిగే ముందే తేలాలి.

చదవాలనుకునే విద్యార్థులకు ఒక సూచన. స్టెర్న్ రివ్యూను మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. పేదరికం, అభివృద్ధి మీద ఉన్న అధ్యాయంతో, నైతిక ప్రాతిపదికల మీద రాసిన రెండో అధ్యాయం, దాని అనుబంధంతో మొదలుపెట్టండి. తర్వాత ‘హౌ లైవ్స్ చేంజ్’లో కులాల వారీ పట్టికలు చూడండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఒకే మనిషి ఒక పుస్తకంలో జాటవ్ కుటుంబాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం, మరో పుస్తకంలో దక్షిణాసియా అనే ఒక్క గడిలో నూట నలభై కోట్లకు పైగా మనుషుల్ని కూడేయడం కనిపిస్తుంది. ఆ గడిని విడగొట్టి, కులం, భూమి, వృత్తి వారీగా వాతావరణ నష్టాన్ని లెక్కగట్టే పని తెలుగు నేల మీద ఏ ఊరిలోనైనా మొదలుపెట్టవచ్చు. పాత సర్వేలున్న ఊళ్లు మన విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో దుమ్ము పట్టిన థీసిస్‌ల రూపంలో ఉన్నాయి. పాలన్‌పూర్‌కు 1957 నాటి సర్వే ఎలా పనికొచ్చిందో మనకు అవి అలా పనికొస్తాయి.